ఆవు ఒకటి, స్వాములు ఇద్దరు: పెంపుడు జంతువుల వివాదాలు – స్మృతి, పురాణం, చట్టం

ప్రస్తావన

కలిసి బతికినవారు విడిపోయేటప్పుడు ఉమ్మడిగా ఉన్నవాటిని పంచుకోవలసి వస్తుంది. ఇల్లు, పొలం, బంగారం, పాత్రసామాను పంచుకోవడానికి ప్రతి సమాజమూ ఏదో ఒక పద్ధతిని ఏర్పరచుకొంది. ముక్కలు చేయడానికి వీలులేనిదాన్ని అమ్మి సొమ్ము పంచుకోవచ్చు, లేదా ఒకరు ఉంచుకొని రెండవవారికి విలువ కట్టి ఇవ్వవచ్చు. ఈ రెండు మార్గాలకూ లొంగని ఆస్తి ఒకటుంది. అది ప్రాణమున్న ఆస్తి. భార్యాభర్తలు విడిపోతున్నప్పుడు వారు పెంచిన కుక్క ఎవరి దగ్గర ఉండాలి అన్న ప్రశ్న ఇటీవలి కాలంలో అనేక దేశాల న్యాయస్థానాల ముందుకు వచ్చింది. నగరజీవితం తెచ్చిన కొత్త చిక్కుగా, కొంత వినోదంగా కూడా దీన్ని చూడడం పరిపాటి అయింది. కాని ఒకే జంతువును ఇద్దరు తమదనడం, ఆ తగవు తీర్చలేక తీర్పరి తికమకపడడం భారతీయ వాఙ్మయానికి కొత్త కావు.

తెలుగు భాషలోనే ఈ చిక్కుకు మూలం కనిపిస్తుంది. ‘గోధనం’, ‘పశుధనం’ అన్న సమాసాలు సంస్కృతం నుంచి వచ్చినవి. కొన్ని ప్రాంతాల వాడుకలో ‘సొమ్ము’ అన్న అచ్చతెనుగు మాటకు డబ్బు, నగ అన్న అర్థాలతోపాటు పశువు అన్న అర్థం కూడా ఉంది. సొమ్ములు మేపుకొనే రైతు వాటికి పేర్లు పెట్టుకొంటాడు, పేరుతో పిలుస్తాడు. అదే రైతు అవసరం వస్తే వాటిని సంతకు తోలుకుపోతాడు. ధనంగా చూస్తే ఆవుకు మారు ఆవు దొరుకుతుంది. పేరున్న ప్రాణిగా చూస్తే దొరకదు. ధర్మశాస్త్రం ప్రధానంగా మొదటి చూపును పట్టుకొంది. ఇతిహాస పురాణాలు రెండవ చూపును వదలలేదు. ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే నేటి న్యాయస్థానాలలోనూ కొనసాగుతున్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్మృతులలో పశువు

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం వ్యవహారపదాలు పద్దెనిమిదింటిని లెక్కించింది. రాజసభకు వచ్చే తగవులన్నీ ఈ పద్దెనిమిది శీర్షికలలో ఇమడాలి. వాటిలో ‘స్వామిపాల వివాదం’ ఒకటి. స్వామి అంటే పశువు యజమాని, పాలుడు అంటే దాన్ని కాచేవాడు. పశువు గురించిన తగవుకు ఒక ప్రత్యేక పదమే ఏర్పడిందంటే అటువంటి తగవులు ఎంత తరచుగా వచ్చేవో ఊహించవచ్చు. వేరొకరి సొత్తును అమ్మడం, ఇచ్చిన దానాన్ని తిరిగి తీసుకోవడం, కొనుగోలుపై వచ్చే పశ్చాత్తాపం వంటి ఇతర పదాలలోనూ పశువు ప్రసక్తి తప్పదు.

స్వామిపాల వివాదంలో స్మృతికారులు చూపిన సూక్ష్మత గమనింపదగినది. పగటిపూట పశువు బాధ్యత కాపరిది. యజమాని ఇంటికి చేరిన తరువాత రాత్రి బాధ్యత యజమానిది. తప్పిపోయినా, గుంటలో పడి చచ్చినా, కుక్కలు కరిచి చంపినా, కాపరి ప్రయత్నలోపం ఉంటే అతడే నష్టం భరించాలి. దొంగలు బాహాటంగా వచ్చి తోలుకుపోతే, ఆ సంగతిని వెంటనే తగిన చోట యజమానికి తెలిపిన కాపరికి దోషం లేదు. పశువు తనంత తాను చనిపోతే చెవులు, తోలు, తోక వంటివి యజమానికి గుర్తుగా చూపాలి. యాజ్ఞవల్క్యస్మృతి ఇంకా సంగ్రహంగా, ఉదయం అప్పగించిన పశువులను అప్పగించినట్లే సాయంకాలం తిరిగి అప్పగించాలని విధించింది.

ఇన్ని నియమాలలో కాపరికి బాధ్యతలున్నాయి, కూలి ఉంది, శిక్ష ఉంది. పశువుపై హక్కు మాత్రం లేదు. కూలికి బదులు పాలు తీసుకొనే కాపరి పదింటిలో మేలైన ఆవును పితుక్కోవచ్చునని మనువు అంగీకరించాడు. అంతకుమించి, ఏళ్లతరబడి దాన్ని మేపి, కడిగి, ఈనినప్పుడు దగ్గరుండి చూసుకొన్నవాడికి ఆ సేవవల్ల ఏ స్వత్వమూ ఏర్పడదు. పోషణ స్వత్వానికి కారణం కాదన్నది స్మృతి దృష్టి. వ్యాసం చివరలో ఈ అంశాన్ని మళ్లీ తడమవలసి ఉంటుంది.

తప్పిపోయి రాజపురుషులకు దొరికిన జంతువును యజమాని విడిపించుకోవడానికి చెల్లించవలసిన రుసుమును యాజ్ఞవల్క్యుడు నిర్ణయించాడు. ఒంటిగిట్ట జంతువుకు 4 పణాలు, ఎనుము, ఒంటె, ఆవులకు రెండేసి పణాలు, మేకకు, గొర్రెకు పాతిక పణం. ఈ పట్టికలోనే మనిషికి 5 పణాలు అని కూడా ఉంది. అక్కడ మనిషి అంటే దాసుడు. కొనుగోలు చేసినదాన్ని పరీక్షించుకొనే గడువులు చెప్పిన చోట కూడా బరువు మోసే పశువు, పాలిచ్చే పశువు, దాసి, దాసుడు ఒకే వరుసలో కనిపిస్తారు. ప్రాణమున్న ఆస్తి అన్న వర్గంలో స్మృతికారులు జంతువును మాత్రమే చేర్చలేదు. ఆ వర్గం నుంచి మనిషి బయటపడడానికి శతాబ్దాలు పట్టింది. ఆస్తి అన్న ముద్ర చరిత్రలో మారనిది కాదనడానికి ఈ పట్టికే సాక్ష్యం.

ఈ ధర్మశాస్త్ర సంప్రదాయం తెలుగులోకి త్వరగానే వచ్చింది. తిక్కన సమకాలికుడు, దశకుమారచరిత్రను ఆయనకు అంకితమిచ్చిన మూలఘటిక కేతన, 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయాన్ని పద్యాలలో రచించాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్య దీనికి ఆధారం. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా సాగే ఈ గ్రంథాన్ని తెలుగులో తొలి న్యాయశాస్త్ర గ్రంథంగా సాహిత్యచరిత్రకారులు పేర్కొంటారు.

పంపకంలో పశువు

అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఉమ్మడి పశువులు ఏమవుతాయన్నది నేటి ప్రశ్నకు బాగా దగ్గరది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం దీనికి ఒక సమాధానమిచ్చింది. మేకలు, గొర్రెలు, ఒంటిగిట్ట జంతువులు సమానంగా భాగించడానికి వీలుకాని సంఖ్యలో ఉంటే మిగిలినదాన్ని విలువకట్టి పంచరాదు. అది జ్యేష్ఠునికే చెందుతుంది. అమ్మి సొమ్ము పంచుకోవచ్చునన్న తేలిక మార్గాన్ని స్మృతి ఇక్కడ తోసిపుచ్చింది. అయితే జ్యేష్ఠునికి ఇవ్వడంలో జంతువు మేలు గురించిన ఆలోచన ఏదీ లేదు. తగవు పెరగకుండా ఆపే ఉపాయం మాత్రమే ఉంది.

మితాక్షర ఒక అడుగు ముందుకు వేసింది. విభజనకు రాని వస్తువులను మనువు లెక్కించినప్పుడు వాటిలో వాహనం ఒకటి. గుర్రం, పల్లకి వంటివి వాహనాలని వివరిస్తూ, ఎవరు ఎక్కి తిరుగుతున్న వాహనం వారికే చెందుతుందని విజ్ఞానేశ్వరుడు చెప్పాడు. వెంటనే ఒక మినహాయింపు కూడా చేర్చాడు. గుర్రాల అమ్మకంతో బతికే కుటుంబంలో అనేక గుర్రాలుంటే వాటిని పంచుకోవలసిందే. అవి సమంగా భాగించడానికి వీలులేని సంఖ్యలో ఉంటేనే మనువు చెప్పిన జ్యేష్ఠభాగ నియమం వర్తిస్తుంది.

ఈ విభాగంలో చాలా లోతు ఉంది. ఒకే జాతి జంతువు ఒక ఇంట సరుకు, మరొక ఇంట సహచరం. జంతువు స్వభావాన్నిబట్టి కాక మనిషితో దాని సంబంధాన్నిబట్టి నియమం మారుతున్నది. నిత్యం ఎక్కి తిరిగేవాడికీ ఆ గుర్రానికీ మధ్య ఏర్పడిన అలవాటు మిగిలిన దాయాదుల సమానహక్కును పక్కకు నెట్టింది. విజ్ఞానేశ్వరుడు ప్రేమ గురించి మాట్లాడలేదు, వాడుక గురించి మాట్లాడాడు. అయినా యాజమాన్యం ఉమ్మడిదైనప్పుడు నిత్యసంబంధం నిర్ణాయకం కావచ్చునన్న సూత్రం ఇక్కడ మొలకెత్తింది. 1810లో కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదం ద్వారా మితాక్షర బ్రిటిష్ న్యాయస్థానాలకు ప్రమాణగ్రంథమయింది. తెలుగునాట ఉమ్మడి కుటుంబపు ఆస్తి తగవులు ఈ సంప్రదాయాన్ని అనుసరించే తీరుతూ వచ్చాయి. గుర్రం గురించిన ఈ సూక్ష్మవిభాగాన్ని మాత్రం తరువాతివారు అంతగా పట్టించుకోలేదు.

నృగోపాఖ్యానం: మూడు కథనాలు

ధర్మశాస్త్రం తీర్చలేని తగవును కథ ఎలా చూసిందో తెలుసుకోవడానికి నృగమహారాజు కథను మించినది లేదు. ఒకే ఆవును ఇద్దరు బ్రాహ్మణులు తమదంటారు. ఇద్దరి హక్కూ కాదనలేనిది. ఒకరు ఆదినుంచి దాని స్వామి, రెండవవారు రాజు చేతినుంచి దానంగా పొందినవారు. తప్పిపోయిన ఆవు రాజుగారి మందలో కలిసింది. తెలియక రాజు దాన్ని దానమిచ్చాడు. ఈ పాపానికి నృగుడు ఊసరవెల్లియై బావిలో పడి ఉండి, చివరకు శ్రీకృష్ణునివల్ల విముక్తి పొందాడు. తెలుగు పాఠకులకు ఈ కథ పోతన భాగవతం దశమస్కంధం ఉత్తరభాగం ద్వారా పరిచితం. మహాభారతం, రామాయణం కూడా దీన్ని చెప్పాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు వేర్వేరు న్యాయసమస్యలు బయటపడతాయి.

భాగవత కథనంలో ప్రధానాంశం ప్రతిఫలం. ఆ ఆవును వదులుకొంటే మేలైన ఆవులు లక్ష ఇస్తానని రాజు ఇద్దరినీ బతిమాలాడు. స్వామి తనకు అక్కరలేదని వెళ్లిపోయాడు. దానం పట్టినవాడు ఎన్ని వేల ఆవులిచ్చినా వద్దని వెళ్లిపోయాడు. తగవు తీరలేదు. ఆవు చివరకు ఎవరి ఇంటికి చేరిందో కథ చెప్పదు. కృష్ణుడు తరువాత చేసే ఉపదేశం బ్రాహ్మణుని సొత్తును అపహరించరాదన్నది. కథలోని ఆవు అప్పటికే దృశ్యం నుంచి తప్పుకొని ఒక ‘సొత్తు’గా మిగిలిపోయింది.

సంస్కృత మహాభారతం ఆనుశాసనిక పర్వంలో దానం పట్టిన బ్రాహ్మణుడు తన నిరాకరణకు కారణం చెబుతాడు. ఆ ఆవు నెమ్మది గలది, వాత్సల్యం గలది, తీయని పాలిస్తుంది, పాలు మాన్పించిన తన బక్కచిక్కిన బిడ్డను అది పోషిస్తున్నది, దాన్ని వదులుకోలేనన్నాడు. దాన్ని మొదట కోల్పోయినవాడు రాజులిచ్చే దానాలు తనకు వద్దని, తన ఆవును మాత్రం తనకు ఇప్పించమని పట్టుపట్టాడు. బంగారం, గుర్రాలు, రథాలు ఇవ్వజూపినా కాదన్నాడు. ఇక్కడ వాదం స్వత్వం నుంచి సంబంధానికి మారింది. ఒకరు ఇంటి అవసరాన్ని, జంతువు స్వభావాన్ని ముందుకు తెచ్చారు. మరొకరు ‘ఆవు’ను కాక ‘ఆ ఆవు’ను అడిగారు. వందల ఆవులు ఒక ఆవుకు సమానం కాకపోవడం రాజుకు అర్థం కాలేదు.

వాల్మీకి రామాయణం ఉత్తరకాండలోని కథనం ఈ మూడింటిలో విశిష్టమైనది. పేద బ్రాహ్మణుడు తప్పిపోయిన ఆవును వెతుకుతూ ఎన్నో ఏళ్లు దేశాలు తిరిగాడు. చివరకు కనఖలంలో మరొక బ్రాహ్మణుని ఇంట అది కనిపించింది. అతడు దాన్ని శబల అని పేరుపెట్టి పిలిచాడు. ఆ గొంతు గుర్తుపట్టి ఆవు అతని వెంట నడిచింది. పెంచుకొన్నవాడు వెనుకనే పరుగెత్తి తనదన్నాడు. ఇద్దరూ రాజద్వారం దగ్గరికి వెళ్లారు. ఎన్నో రోజులు కాచుకొన్నా రాజదర్శనం కాలేదు. కోపించి శపించారు. రాముడు ఈ కథను లక్ష్మణునికి చెప్పిన సందర్భం కూడా అదే. నాలుగు రోజులుగా ప్రజల కార్యాలు చూడలేదన్న బాధతో చెప్పిన కథ ఇది. కాబట్టి ఇక్కడ రాజు పాపం తప్పుడు దానం కాదు, విచారణలో జాప్యం.

సాక్ష్యం దృష్టితో చూస్తే రామాయణ కథనంలో ఒక అపూర్వమైన అంశముంది. జంతువే సాక్షి అయింది. పేరు, గొంతు, వెంట నడవడం అన్నవి యాజమాన్యానికి కాక అనుబంధానికి నిదర్శనాలు. విచారణ జరిగి ఉంటే ఆ సాక్ష్యాన్ని రాజు ఎలా తూచేవాడో తెలియదు, ఎందుకంటే విచారణే జరగలేదు. కథ ముగింపు ఇంకా కఠినమైనది. శాపమిచ్చి కోపం చల్లారిన ఆ ఇద్దరూ ముసలిదై బలహీనపడిన ఆ ఆవును మూడవ బ్రాహ్మణునికి దానమిచ్చి వెళ్లిపోయారు. ఏళ్ల తరువాత గొంతు గుర్తుపట్టిన ప్రాణి చివరకు ఆ గొంతుకూ దక్కలేదు, మేపిన ఇంటికీ దక్కలేదు. తగవులో గెలవాలన్న పట్టుదల తీరిపోగానే తగవుకు కారణమైన జంతువు అక్కరకు రానిదయింది.

నందిని, హంస, మంద

జంతువు ఇష్టాన్ని అడిగిన కథలు లేకపోలేదు. వసిష్ఠుని ధేనువును విశ్వామిత్రుడు కోరిన కథ నన్నయ ఆదిపర్వంలో ఉంది. రామాయణ బాలకాండలోనూ ఉంది. విశ్వామిత్రుడు మొదట మారుగా అసంఖ్యాకంగా ఆవులను ఇవ్వజూపాడు. రామాయణంలో అయితే శ్రేష్ఠవస్తువు ఏదైనా రాజుకే చెందుతుందన్న వాదం కూడా తెచ్చాడు. మాట చెల్లకపోగా బలప్రయోగానికి దిగాడు. అప్పుడు ధేనువు తనను విడిచిపెడుతున్నావా అని వసిష్ఠుని అడిగింది. తాను విడవడం లేదని ముని చెప్పిన తరువాతనే అది ఎదురుతిరిగింది. స్వామి త్యజించనంతవరకు, తాను వెళ్లడానికి ఒప్పుకోనంతవరకు రాజబలం కూడా స్వత్వాన్ని సృష్టించలేదన్నది ఈ కథ సారం. అయితే నందిని మాట్లాడగలిగిన దేవధేనువు. మాట్లాడలేని జంతువు పక్షం వినిపించవలసినది ఎవరన్న ప్రశ్నను ఈ కథ తాకదు.

సిద్ధార్థుడు, దేవదత్తుడు హంసకోసం వాదులాడుకొన్న కథ ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది. అశ్వఘోషుని బుద్ధచరితంలో లేని ఈ కథ ఇతర బౌద్ధ గాథల ద్వారా, ఆధునిక కాలంలో 1879లో వెలువడిన ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లీషు కావ్యం ద్వారా విస్తృతంగా వ్యాపించింది. తిరుపతి వేంకట కవుల బుద్ధచరిత్రము ఆ కావ్యానికి తెలుగు సేత. కొట్టినవాడిది అన్నది వేటకాని నియమం. మనుస్మృతి కూడా మృగం మొదట బాణం తగిలించినవాడిదని చెప్పింది. బతికించినవాడిది అన్న తీర్పు ఈ నియమాన్ని తలకిందులు చేసింది. స్వత్వానికి పోషణను కారణంగా అంగీకరించిన అరుదైన తీర్పు ఇది.

స్మృతి నోరు నొక్కిన పాలుని గొంతు మాత్రం మౌఖిక సాహిత్యంలో వినిపించింది. కాటమరాజు కథాచక్రంలో పశువులను మేపేవారే కథానాయకులు. నెల్లూరు నల్లసిద్ధితో పుల్లరి గురించి వచ్చిన తగవు యుద్ధానికి దారితీసింది. అది ఒక జంతువు గురించిన తగవు కాకపోయినా, మంద అంటే లెక్కకు వచ్చే సంపదే కాదు, దానితో పెనవేసుకొన్న బతుకు అన్న భావం ఆ గాథలకు ప్రాణం. బ్రాహ్మణదానం చుట్టూ అల్లిన నృగకథలో మందను కాచినవారి ఊసు అంతంతమాత్రం. తప్పిపోయిన ఆవు మందలో కలిసిన సంగతి ముందుగా తెలియగలది కాపరులకే. వారిని విచారించాలన్న ఆలోచన ఎవరికీ కలగలేదు.

ఆధునిక భారతీయ చట్టం

1860 నాటి భారత శిక్షాస్మృతి జంతువును చంపడం, అంగవైకల్యం కలిగించడం ‘అపకృతి’ అన్న ఆస్తినేరాల విభాగంలో చేర్చింది. 428వ సెక్షన్ 10 రూపాయలు లేదా అంతకుమించి విలువగల జంతువుకు, 429వ సెక్షన్ ఏనుగు, ఒంటె, గుర్రం, ఎద్దు, ఆవు వంటి వాటికి ఏ విలువైనా, తక్కిన జంతువులకు 50 రూపాయలు లేదా అంతకుమించిన విలువ ఉంటే వర్తించేవి. రూపాయి విలువ ఎంత పడిపోయినా ఈ అంకెలు చట్టంలో అలాగే ఉండిపోయాయి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఈ విలువల గీతను తొలగించి ఏ జంతువుకైనా ఒకే రక్షణ కల్పించింది. జంతువు ప్రాణాన్ని దాని వెలతో కొలవనక్కరలేదని శిక్షాచట్టం ఒప్పుకోవడానికి 160 ఏళ్లకు పైగా పట్టింది.

సివిల్ చట్టంలో అటువంటి మార్పు రాలేదు. హిందూ వివాహ చట్టం 1955లోని 27వ సెక్షన్ వివాహ సమయంలో లేదా ఆ సమీపకాలంలో బహూకరించిన, భార్యాభర్తలిద్దరికీ ఉమ్మడిగా చెందే ఆస్తిపై ఉత్తర్వులిచ్చే అధికారాన్ని కోర్టుకు ఇచ్చింది. పెళ్లికానుకగా వచ్చిన కుక్కపిల్ల ఈ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. మూడేళ్ల తరువాత ఇద్దరూ కలిసి తెచ్చి పెంచుకొన్నది రాదు. దానికోసం కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984 కింద దంపతుల ఆస్తివివాదంగా దావా వేయవలసి ఉంటుంది. ఏ దారిన వెళ్లినా కోర్టు ముందుండేది ఆస్తి. పిల్లల సంరక్షణ విషయంలో శిశువు క్షేమమే పరమప్రమాణమని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం స్పష్టంగా చెప్పింది. పెంపుడు జంతువుకు అటువంటి ప్రమాణం లేదు.

చట్టంలో ఒక వెసులుబాటు మాత్రం ఉంది. ప్రత్యేక ఉపశమన చట్టం 1963లోని 8వ సెక్షన్ ప్రకారం, డబ్బు రూపంలో ఇచ్చే పరిహారం తగినంత ఉపశమనం కానప్పుడు, ఆ వస్తువునే అప్పగించమని కోర్టు ఆదేశించవచ్చు. వంశపారంపర్యంగా వచ్చిన అరుదైన వస్తువులు ఇందుకు సాధారణ ఉదాహరణలు. లక్ష ఆవులు ఇస్తానన్నా తన ఆవునే ఇప్పించమన్న బ్రాహ్మణుని వాదం సరిగ్గా ఇదే. అయితే ఈ సెక్షన్ కింద ఉపశమనం పొందాలంటే ముందుగా తక్షణ స్వాధీనానికి తానే అర్హుడనని నిరూపించుకోవాలి. ఇద్దరూ సమాన అర్హులైనప్పుడు చట్టం నృగుని సభలో నిలబడినట్లే నిలబడుతుంది.

జంతువు క్షేమాన్ని నేరుగా చూసే చట్టం జంతుహింస నివారణ చట్టం 1960. యజమాని ఈ చట్టం కింద దోషిగా తేలి, అతని దగ్గరే ఉంటే జంతువు మళ్లీ హింసకు గురవుతుందని సాక్ష్యంవల్ల రుజువైతే, యాజమాన్యాన్ని తొలగించే అధికారం 29వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. క్రూరుడైన యజమాని నుంచి జంతువును తప్పించవచ్చు. ఇద్దరు మంచి యజమానులలో ఎవరి దగ్గర అది సుఖంగా ఉంటుందన్న ప్రశ్నకు ఈ చట్టంలో తావు లేదు. 2014 మే 7న జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువులకు అంతర్గత విలువ, గౌరవం ఉన్నాయని ప్రకటించింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్రాల సవరణ చట్టాలను సమర్థిస్తూ, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని తేల్చడానికి వెనుకాడింది.

వస్తువుకూ వ్యక్తికీ మధ్య మరొక స్థితిని ఊహించడం భారతీయ న్యాయానికి తెలియనిది కాదు. కలకత్తాలోని ఒక కుటుంబం ఇలవేల్పు గురించి తగవుపడినప్పుడు, 1925లో ప్రీవీ కౌన్సిల్ దేవతామూర్తి కేవలం చరాస్తి కాదని తీర్పునిచ్చింది. వంతులవారీగా అర్చన చేసే దాయాదులలో ఒకరు విగ్రహాన్ని తన ఇష్టప్రకారం తరలించే విషయంలో, ఆ తగవుతో స్వప్రయోజనం లేని ప్రతినిధి ద్వారా దేవత పక్షం కూడా వినవలసిందన్నది. మాట్లాడలేని పక్షానికి గొంతునిచ్చే ఉపాయం మన న్యాయచరిత్రలోనే ఉందని దీనివల్ల తెలుస్తున్నది. దేవతకు అన్వయించినదాన్ని జంతువుకు యథాతథంగా అన్వయించడం కుదరకపోవచ్చు. ఆ దిశగా ఆలోచించడానికి ఆధారం మాత్రం ఉంది.

ఇతర దేశాల అనుభవం

పెంపుడు జంతువు ఎవరి దగ్గర ఉండాలన్న వివాదాలు అమెరికాలో ఎక్కువగా న్యాయస్థానాలకెక్కాయి. 1995లో ఫ్లోరిడా అప్పీలు కోర్టు కుక్కను చూడడానికి వంతులు నిర్ణయించిన కింది కోర్టు ఉత్తర్వును కొట్టివేసింది. పిల్లల విషయంలో ఇచ్చిన ఉత్తర్వులను అమలు చేయించడమే తలకు మించిన పని అయినప్పుడు జంతువుల విషయంలోనూ ఆ భారం తలకెత్తుకోలేమన్నది కారణం. 1999లో న్యూయార్క్ అప్పీలు కోర్టు పదేళ్ల పిల్లి గురించిన తగవులో వేరే దారి తొక్కింది. యాజమాన్యం లెక్క పక్కనపెట్టి, గత నాలుగేళ్లుగా అది హాయిగా బతికిన ఇంటనే ఉండనిచ్చింది. 2013లో అదే రాష్ట్రంలో మరొక కోర్టు ఒక కుక్క విషయంలో సంబంధించిన అందరికీ ఏది మేలన్నది ప్రమాణంగా తీసుకొంది.

తరువాత శాసనాలు వచ్చాయి. 2017లో అలాస్కా, 2018లో ఇల్లినాయ్, 2019లో కాలిఫోర్నియా, 2021లో న్యూయార్క్ విడాకుల సందర్భంలో పెంపుడు జంతువు క్షేమాన్నో సంరక్షణనో పరిగణించే వీలు న్యాయమూర్తులకు కల్పించాయి. ఐరోపాలో 1988లో ఆస్ట్రియా, 1990లో జర్మనీ జంతువులు వస్తువులు కావని సివిల్ స్మృతులలో చేర్చాయి. ప్రత్యేక నియమం లేనిచోట వస్తువుల నియమాలే వర్తిస్తాయన్న షరతు మాత్రం ఉంచాయి. 2022 జనవరి నుంచి అమలులో ఉన్న స్పెయిన్ చట్టం మరింత స్పష్టమైనది. యాజమాన్యం ఎవరి పేరున ఉన్నా, కుటుంబ ప్రయోజనాన్ని, జంతువు క్షేమాన్ని బట్టి సంరక్షణను ఒకరికో ఇద్దరికో అప్పగించవచ్చు.

ఈ చట్టాలలో చాలావరకు జంతువును వ్యక్తిగా ప్రకటించలేదు. దాన్ని ఆస్తిగానే ఉంచి, ఆస్తి పంపకంలో అడగవలసిన ప్రశ్నను మార్చాయి. కొన్నదెవరు అన్న ప్రశ్న పక్కన మేపినదెవరు, వైద్యానికి తీసుకుపోయినదెవరు, రోజూ దానితో గడిపినదెవరు అన్న ప్రశ్నలు చేరాయి. స్మృతి హక్కు నిరాకరించిన పాలుని పనే ఇక్కడ సాక్ష్యమయింది.

ముగింపు

స్వామిపాల వివాదం నుంచి నేటి కుటుంబ న్యాయస్థానం వరకు సాగిన ఈ చరిత్రలో రెండు ధోరణులు సమాంతరంగా నడిచాయి. జంతువు విలువను సంఖ్యలోనో వెలలోనో చెప్పి, మారు ఇచ్చి తగవు తీర్చవచ్చునన్నది మొదటిది. స్మృతులలోని పణాలు, శిక్షాస్మృతిలోని రూపాయలు, నృగుడు ఇవ్వజూపిన లక్ష ఆవులు ఒకే ఆలోచనకు రూపాలు. మారు లేని సంబంధాన్ని గుర్తించడం రెండవది. మితాక్షరలోని గుర్రం, ఉత్తరకాండలోని శబల, సిద్ధార్థుడు బతికించిన హంస ఈ ధోరణికి సాక్ష్యాలు. ఈ రెండవ ధోరణి పాశ్చాత్య దేశాల నుంచి కొత్తగా దిగుమతి కావలసినది కాదు. మన శాస్త్రంలో అంచున, మన కథలలో నడిమధ్యన అది ముందునుంచీ ఉంది.

అలాగని పూర్వకథలు సమస్యను పరిష్కరించాయనడం కూడా సరికాదు. శబల గొంతు గుర్తుపట్టింది గాని ఎవరూ దాని మాట వినలేదు. నృగుడు ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు. లెక్కలేనన్ని గోదానాలు చేసిన పుణ్యాత్ముడు. ఇద్దరు హక్కుదారుల మధ్య ఆ ఒక్క ఆవు ఎక్కడ ఉండాలో నిర్ణయించకపోవడమే కథ మూడు రూపాలలోనూ అతని పతనానికి దారి. నిర్ణయించడానికి తగిన ప్రశ్న అతని దగ్గర లేదు. ఆవు ఎవరిదో మాత్రమే అతనికి తెలియవలసి వచ్చింది. అది ఎవరి వెంట నడిచిందో చూసి ఉంటే కథ మరోలా ముగిసేది. దంపతులు పెంచిన జంతువు గురించి భారతీయ చట్టం నేటికీ మొదటి ప్రశ్న దగ్గరే ఆగింది. రెండవ ప్రశ్నను చేర్చడానికి కొత్త సెక్షన్ ఒక్కటి చాలు. ఆ సెక్షన్‌కు కావలసిన ఆలోచన ఉత్తరకాండలో ఎప్పటినుంచో ఉంది.